ఆగిన ఓడలో లైట్లు ఎవరు వేస్తారు?

2020 అక్టోబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు, విశాఖ తీరానికి ఆవల లంగరేసి ఉన్న ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ గాలికి నిలవలేక తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది. 15 మంది సిబ్బంది, అందరూ క్షేమం. ఇక జనం ఎగబడ్డారు. సెల్ఫీలు, రీల్సు, డ్రోన్ షాట్లు. పర్యాటక శాఖ దాన్ని రెస్టారెంట్‌గా మార్చుదామని కూడా అనుకుంది. ఆ ఓడ ఫోటోలు నేను వందకు తక్కువ కాకుండా చూసి ఉంటాను. ఒక్కదాంట్లో కూడా ఆ 15 మందిలో ఎవరైనా కనిపించిన గుర్తు లేదు.

అదే ఏడాది ఇంగ్లండ్ దక్షిణ తీరాన, వేమత్ ఊరి ముందు, క్వీన్ మేరీ 2 లాంటి పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలు వరసగా లంగరేసుకుని నిలబడ్డాయి. కోవిడ్ వల్ల ప్రయాణికులు లేరు, రేవుల్లో అన్నిటికీ చోటు లేదు. వాటిని దగ్గరగా చూపించడానికి చిన్న బోట్ల టూర్లు కూడా నడిచాయి. ‘దెయ్యపు ఓడలు’ అని పేరు. సాయంత్రం వెలుతురులో ఆ ఫోటోలు నిజంగా బావుంటాయి, ఆ విషయంలో నాకు వాదన లేదు. ఇంత పెద్ద వస్తువు, ఇంత డబ్బు, ఇంత ఆర్భాటం, అన్నీ కలిసి ఏమీ చేయకుండా ఊరికే నిలబడి ఉండటంలో ఏదో ఉంది. పనిచేసే యంత్రం వైపు మనం చూడం, అది ఇచ్చేదాన్ని చూస్తాం. ఆగిపోయాకే దాని ఆకారం మన కంట పడుతుంది.

నా ఇబ్బంది అందంతో కాదు, ‘ఆగిపోయింది’ అనే మాటతో. ఆ ఫోటోల్లో ఒకటి ఫోన్లో చూపిస్తే మా బాపు అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఓడ ఆగింది సరే, మరి గా లైట్లు ఎవలేస్తున్నరు?”

బాపు నస్పూర్‌లో రిటైరైన సింగరేణి కార్మికుడు. సముద్రాన్ని జీవితంలో రెండుసార్లు చూసి ఉంటాడేమో. కానీ చివరి కొన్నేళ్ళు పంపు మీద పనిచేశాడు కాబట్టి ఆ ప్రశ్న ఆయనకు సహజంగా వచ్చింది. బొగ్గు తీయడం ఆపేసిన బాయిలో కూడా నీళ్ళు ఊరడం ఆగదు. పక్కన ఇంకో బాయి నడుస్తుంటే, రెండిటి మధ్య వదిలిన బొగ్గు గోడ మీద ఆ నీటి బరువు పడుతుంది. కాబట్టి పాత బాయిలో నీళ్ళు ఎత్తి పోస్తూనే ఉండాలి. పైనుంచి చూస్తే ఏముంటుంది? ముళ్ళకంప పెరిగిన ఇంక్లైన్ మొహం, తుప్పు పట్టిన టబ్బులు, తిరగని హాలేజ్ చక్రం. ఫోటోకి అంతకంటే ఏం కావాలి! “బాయి బందైతే నీళ్ళు బందైతయా బిడ్డా?” అంటాడు బాపు. ఈ మాట తేలిగ్గా అనే మాట కాదు. గోదావరిఖనిలో 7 ఎల్‌ఈపీ గనిలోకి 2003 జూన్ 16న నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. ఈ బెల్టులో ఆ వయసు వాళ్ళెవరికీ ఆ తారీఖు గుర్తు చేయనక్కర్లేదు.

ఓడల్లో కూడా ఇదే లెక్క. పని లేని ఓడను నిలిపి ఉంచడానికి రెండు పద్ధతులు. ఒకటి కోల్డ్ లే-అప్: దాదాపు అన్నీ ఆపేసి కాపలాకి కొద్దిమందిని ఉంచడం. రెండోది వార్మ్ లే-అప్: జనరేటర్లు నడుస్తుంటాయి, నీటి పైపులు, ఏసీలు, లిఫ్టులు చెడిపోకుండా చూస్తుంటారు, లంగరు జారుతోందా అని రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. మళ్ళీ త్వరగా నడపాలనుకునే ఓడకు రెండోదే దిక్కు. అంటే మనం ‘దెయ్యపు ఓడ’ అని ఫోటో తీసి పెట్టినదాంట్లో పదుల మందో, వందల మందో డ్యూటీ చేస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో అమెరికా తీరాల్లోనే సుమారు 100 క్రూయిజ్ ఓడలు, వాటిలో 80 వేలకు దగ్గరగా సిబ్బంది ఉన్నారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క చెప్పింది. ఒడ్డు కనిపిస్తుంటుంది, దిగడానికి మాత్రం లేదు. అంతకు రెండు నెలల ముందు యోకొహామాలో డైమండ్ ప్రిన్సెస్‌ను ఆపినప్పుడు ఓడలో 3,711 మంది ఉంటే, అందులో 1,045 మంది సిబ్బంది. వాళ్ళలో మనవాళ్ళు 132 మంది. ప్రయాణికుల్ని గదుల్లో ఉండమన్నారు. ఆ గదుల ముందుకు భోజనం తీసుకెళ్ళింది సిబ్బందే. టీవీలో మాత్రం మనకు రోజూ కనిపించింది రేవులో నిలబెట్టిన తెల్లటి ఓడ, దూరం నుంచి.

ఇక్కడే అసలు ప్రశ్న. లోపల మనుషులున్న వస్తువును ఖాళీదిగా చూపించే ఫోటో అబద్ధమా? తీసినవాడు ఏదీ చెరపలేదు, ఏదీ అతికించలేదు. కెమెరా ముందున్నదే తీశాడు. రెండు కిలోమీటర్ల దూరం నుంచి మనిషి కనిపించడు, అది లెన్సు తప్పు కాదు.

సెబాస్టియో సాల్గాడో మీద ఇలాంటి గొడవే చాలాకాలం నడిచింది. ‘వర్కర్స్’ పుస్తకంలో (1993) ధన్‌బాద్ బొగ్గు కార్మికులు ఉన్నారు, బంగ్లాదేశ్‌లో ఓడలు విరగ్గొట్టే కూలీలు ఉన్నారు. కష్టాన్ని మరీ అందంగా తీస్తాడని ఆయన మీద ఫిర్యాదు. నాకైతే ఆ ఫిర్యాదు కంటే సూజన్ సాంటాగ్ 2003లో ఎత్తి చూపిన విషయం పదునుగా అనిపిస్తుంది: ఆయన పుస్తకాల్లో క్యాప్షన్ల కింద మనుషుల పేర్లుండవు. సెలబ్రిటీకి పేరు, కూలీకి వృత్తి. సాల్గాడో మొహాన్ని చూపించి పేరు వదిలేశాడు. ఆగిన ఓడల ఫోటోగ్రాఫర్లు అక్కడి నుంచి ఇంకో అడుగు వేశారు. మొహం కూడా లేదు, ఓడకు మాత్రం పేరుంది, పొడవుంది, టన్నుల్లో బరువుంది.

కాబట్టి నా దృష్టిలో అబద్ధం ఫోటోలో లేదు, దాని కింద రాసే రెండు మాటల్లో ఉంది. ‘అనాథ’, ‘నిర్జన’, ‘కాలం ఆగిన చోటు’. ఈ పదాలు ఫోటోకి ఉచితంగా ఒక విషాదాన్ని తెచ్చి పెడతాయి. ఆ విషాదం ఎవరిది అని అడిగితే జవాబుండదు, ఎందుకంటే అది చూసేవాడిదే. అతని ఆదివారం సాయంత్రపు దిగులు. జీతం అందక, ఇంటికి పోలేక ఓడలో ఉండిపోయినవాడి దిగులు వేరే రకం, దానికి అంత మంచి లైటింగ్ ఉండదు.

‘అయితే లోపలివాళ్ళే తీసుకోవచ్చు కదా, అందరి చేతిలో ఫోనుంది’ అని మా ఆఫీసులో ఒకతను అన్నాడు. ఓడలో అయితే అది కొంత నిజం. డెక్కు మీదనుంచి సిబ్బంది తీసిన వీడియోలు అప్పుడు బయటికి వచ్చాయి కూడా. బాయిలో అది కుదరదు. గ్యాస్ భయంతో బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకెళ్ళనివ్వనట్టే ఫోను కూడా తీసుకెళ్ళనివ్వరు. అందుకే బాపు ముప్పై ఏళ్ళ సర్వీసులో, పని చేసిన చోట దిగిన ఫోటో ఒక్కటి లేదు. మా ఇంట్లో ఉన్నవన్నీ పైన తీసినవే: రిటైర్మెంటు దండ, యూనియన్ మీటింగు, ఒకసారి మస్టర్ దగ్గర గుంపులో సగం మొహం. బాయిని ఫోటో తీయగలిగేది బాయి దిగనివాడే. ఈ తేడాను ఏ కెమెరా సరిచేయదు, తీసేవాడు గుర్తు పెట్టుకోవడం తప్ప.

మా చిన్నాన్న కొడుకు పాడుబడ్డ చోట్ల ఫోటోలతో ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుపుతాడు. బాగా తీస్తాడు, ముఖ్యంగా వానాకాలంలో. మొన్న మా దగ్గరి పాత బాయి ఫోటో పెట్టి ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని రాశాడు. బాపు పేరు చెప్పి, లోపల పంపు నడుస్తోందిరా, మూడు షిఫ్టులా మనుషులున్నారు అన్నాను. అరగంటకు క్యాప్షన్ మార్చాడు: ‘పంపు నడుస్తోంది. సెకండ్ షిఫ్ట్.’ దానికి మామూలుగా వచ్చే లైకుల్లో సగం కూడా రాలేదట. అయినా తీసేయలేదు. హ్యాష్‌ట్యాగ్ మాత్రం ఇంకా ‘అబాండన్డ్’ అనే ఉంది, అది లేకపోతే ఎవరికీ దొరకదంటాడు.