మోటుపల్లి అభయం

మా కొడంగల్ నుంచి తూర్పు సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. పడమటి సముద్రం ఇంకా దూరం. ఇక్కడ కంటికి ఆనేవి కందిచేలు, రేగడి నేలలు, తాండూరు నాపరాయి గనులు, వానకు నిండి ఎండకు పగుళ్లిచ్చే చెరువులు. అల ఎలా విరుగుతుందో చూడకుండానే కాలం చేసిన పెద్దలు మా వైపు ఎందరో. అయినా ఓడ పగిలి ఒడ్డున పడ్డ మనిషి గురించి నేను విన్న మాటలన్నిటిలోకీ గొప్ప మాట మాలాగే మెట్టనేల మీద బతికినవాడు చెప్పిందే. ఆయన ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు. 1244-45లో ఆ మాటను తూర్పు తీరపు మోటుపల్లి రేవులో రాతి స్తంభం మీద చెక్కించాడు. దాన్ని అభయ శాసనం అంటారు. ఇంత చక్కని పేరున్న చట్టం నాకు మరొకటి తెలియదు.

ఆ మాట విలువ తెలియాలంటే ఆ తీరం తెలియాలి. ఓడలు తలదాచుకునే లోతైన రేవులు అక్కడ అరుదు. పెద్ద ఓడ ఒడ్డుకు ఎడంగా, బయలు సముద్రంలోనే లంగరు దించి నిలబడాలి. మనుషులూ సరుకులూ చిన్న పడవల్లో నురగలు కక్కే అలలు దాటి రావాలి. ఆ తీరపు మసూలా పడవలకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. బిగించిన పలక అల దెబ్బకు చీలిపోయే చోట కుట్టిన పలక ఒదిగి, మళ్లీ నిలుస్తుంది. అలను ఎదిరించకుండా దానితో పాటు కదిలే పడవను ఊహించిన ఆ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

తెరచాప ఓడకు గాలే అన్నీ. నైరుతి గాలి తెచ్చినదాన్ని ఈశాన్య గాలి తీసుకుపోవాలి. ఆ రెండు గాలులూ చేతులు మారే ఆశ్వయుజ కార్తీకాల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎక్కువగా పుడతాయి. గాలి ఒడ్డుకేసి తోస్తున్నప్పుడు ఎదురు వెళ్లే శక్తి ఆ ఓడకు లేదు. తెరచాపలు దించి, లంగరు తాడు మీద భారం వేసి, తెల్లవారే దాకా నిలవగలిగితే బతుకు. తాడు తెగిందా, ఇసుక తిన్నెలే గతి.

కోరంగిని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. గోదావరి అడవుల టేకుతో ఓడలు కట్టిన చేతులున్న ఊరది. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి దాని మీద పడ్డాయి. మొదటి అలే రేవులోని ఓడలను నేల మీదికి విసిరేసింది. మళ్లీ లేచి నిలబడి ఓడలు కట్టుకున్న ఊరిని 1839 నవంబరు ఉప్పెన మరోసారి ఊడ్చింది. మునిగిన ఊరు మళ్లీ కొయ్యా బాడిసా పట్టిందంటే ఆ వడ్రంగుల ధైర్యం ముందు ఏ కోట గోడ నిలుస్తుంది! 1864 నవంబరు 1 రాత్రి బందరు వంతు వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారు. అంతకు ముందే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ నావికుడు ఓడల దినచర్య పుస్తకాలు పోగేసుకుని, గాలి ఏ గంటకు ఎటు తిరిగిందో వరసపెట్టి చూశాడు. తుపాను సుడి తిరుగుతూ నడిచే తీరును, దాని నుంచి తప్పుకునే దారిని నావికులకు 1848లో పుస్తకంగా రాసి ఇచ్చాడు. మునిగినవారి అనుభవం నుంచి మునగబోయేవారికి దారి తీసిన ఆ ఓపిక ఎంత పుణ్యమో!

అమెరికా యుద్ధనౌక సాక్రమెంటో ఆవిరి యంత్రం, తెరచాపలు రెండూ ఉన్న ఓడ. అదీ 1867 జూన్ 19న గోదావరి మొగల దగ్గర ఇసుకలో కూరుకుని పగిలింది. అందులోని వారంతా బతికి ఒడ్డు చేరారు. ఆ తిన్నెకు ఇప్పటికీ ఆ ఓడ పేరే.

గణపతిదేవుడి నాటికి ఈ కథలేవీ జరగలేదు. సముద్రం మాత్రం ఇదే.

శాసనం సంగతి ఇదీ. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, వెనుకటి రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాగేసుకునేవారు. తాను ఆ పని చేయనని గణపతిదేవుడు ప్రకటించాడు. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా ఆ వర్తకులకే వదిలేస్తున్నానన్నాడు. సుంకం ముప్పైలో ఒక వంతు.

ఒక్కసారి ఆ గుర్రాల గురించి ఆలోచించండి. ఓడ కడుపులో, చీకట్లో, ఎటు ఒరుగుతుందో తెలియని నేల మీద నాలుగు కాళ్లూ నిలదొక్కుకోలేక సకిలించే జీవాలు. వాటి మెడ పట్టుకుని నిలబడ్డ మనిషికి అల ఆగేదాకా గుర్రమే బంధువు. ఆ మనిషి తెల్లవారి ఇసుక మీద కళ్లు తెరిస్తే ఎదురుగా రాజభటులు. అంతకు ముందు కాలంలో ఆ భటులే రెండో తుపాను.

శాసనంలో నన్ను కట్టిపడేసిన మాట వేరే ఉంది. ప్రాణం కంటే ధనమే మిన్న అనుకుని సముద్రం మీద సాహసం చేసినవారని రాజు ఆ వర్తకులను గురించి చెప్పాడు. ఆ మాటలో ఈసడింపు లేదు. ఆశపడ్డారు కనుక అనుభవించమనలేదు. అంత కష్టానికి ఓర్చినవాడి సొమ్ము వాడికే దక్కాలన్నాడు. వానలు ముఖం చాటేసిన ఏడు పొట్ట చేత పట్టుకుని బొంబాయికీ పుణేకీ వలస పోయినవాళ్ల ఊళ్లు మావి. ఇల్లు వదిలి సంపాదనకు పోయినవాణ్ణి దారిలో దోచుకోవడం ఎంత పాపమో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఓరుగల్లు రాజు దాన్ని రాతి మీద రాయించాడు.

అది వ్యాపారపు తెలివి కాదా అనేవారున్నారు. అవును, తెలివే. భయం లేని రేవుకు ఓడలు వస్తాయి. ఓడలు వస్తే కర్పూరం, చందనం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టు, మిరియాలు వస్తాయి. వీటి సుంకాల లెక్కలూ ఆ రాతి మీదే ఉన్నాయి. రాజ్యం లాభపడ్డంత మాత్రాన దయ విలువ తరగదు. నిలబడాల్సిన దయకు లెక్క కూడా తోడుండాలని నా నమ్మకం.

ఆ కాలంలో లోకం తీరు ఎలా ఉండేదో చూస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. ఇంగ్లండులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ రాజుది. 1275లో వెస్ట్‌మినిస్టర్ చట్టం ఆ హక్కుకు హద్దు గీసింది: మనిషో, కుక్కో, పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ ఓడను దిక్కులేనిదిగా లెక్కగట్టకూడదు. పిల్లి బతికినా చాలునన్న ఆ చట్టమంటే నాకు ఎంతో ఇష్టం. మన శాసనం దానికి ముప్పై ఏళ్లు పెద్దది, పైగా బతికి బయటపడ్డ ప్రాణమేదని అడగలేదు.

గణపతిదేవుడిది చెరువుల రాజ్యం. రామప్ప, పాఖాల ఆయన కాలంలో తవ్విన చెరువులు. గట్టు కట్టి, తూము పెట్టి, నీటిని నమ్మకంగా నిలిపి పంచే విద్య తెలిసినవాడు, గట్టూ తూమూ లేని నీటి ఒడ్డుకొచ్చేసరికి ఏం చేశాడా అంటే, మాటనే గట్టుగా కట్టాడు. ఆయన తరువాత కొన్ని దశాబ్దాలకు ఆ రేవు పేరు విన్న వెనిస్ వర్తకుడు మార్కోపోలో అక్కడి సన్నని బట్టలనూ, దేశాన్ని న్యాయంగా ఏలిన రాణినీ పొగిడాడు. ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురే.

1323లో ఓరుగల్లు పడిపోయింది. అభయమిచ్చిన వంశం లేదు, దాన్ని కాపాడే సైన్యం లేదు. రాజ్యమే పగిలిన ఓడ అయిన ఆ రోజుల్లో, కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చే వర్తకులు ఇష్టమొచ్చినప్పుడు రావచ్చు, పోవచ్చు, తమ సరుకు తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చు అని రాయించాడు.