ఈనిన ఆవు, ఇంటి బాలింత

కొత్తగా ఈనిన ఆవు దగ్గరకు ఎప్పుడైనా వెళ్ళారా? నిన్నటి దాకా మీ చేతి గడ్డి తిన్న సాధుజంతువే, ఈ రోజు దూడ మీద చెయ్యి వేస్తే కొమ్ము విసురుతుంది. పిల్లల కోడి అయితే గద్ద మీదికే లేస్తుంది! మనం దాన్ని తల్లిప్రేమ అంటాం. శాస్త్రజ్ఞులు హార్మోనుల పని అంటారు. ఏది నిజం?

వారు ఎక్కువగా పరిశీలించింది ఎలుకలను, గొర్రెలను. ఈనే వేళకు ఎలుక రక్తంలో ప్రొజెస్టిరోన్ తగ్గి, ఈస్ట్రోజెన్, ప్రొలాక్టిన్ పెరుగుతాయి. మెదడులో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. తల్లికి భయం తగ్గుతుంది. తనకంటే పెద్ద మగ ఎలుక గూటి దగ్గరకు వచ్చినా మీదపడి కరుస్తుంది. పిల్లలను కొన్ని గంటలు దూరం చేస్తే ఆ తెగువ చల్లారుతుంది. తిరిగి ఇస్తే మళ్ళీ వస్తుంది. గొర్రె సంగతి నన్ను మరీ ఆలోచింపజేసింది. ఈనిన కొద్ది గంటల్లోనే తన పిల్ల వాసన పట్టేస్తుంది. ఆ తరువాత పాలకు వచ్చిన పరాయి పిల్లను, అది ఎంత ఆకలితో అరిచినా, తలతో కుమ్మి తరిమేస్తుంది.

ఆ గొర్రెను క్రూరురాలని అనగలమా? అనలేం. అది కోరి చేసిన పని కాదు. పునీత అక్వినాసు తోమాసుగారు 13వ శతాబ్దంలోనే ఈ మాట తేల్చారు: ఉద్రేకాలు వాటంతట అవి మంచివీ కావు, చెడ్డవీ కావు, బుద్ధి, చిత్తం వాటితో కలిసినప్పుడే మంచిచెడ్డల లెక్క.

మరి మన ఇంటి బాలింత? కాన్పయిన కొద్ది రోజుల్లోనే ఆమెలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. బిడ్డను ఎవరు ఎత్తుకున్నా కసురుకోవచ్చు. ఊరికే ఏడవవచ్చు. కొందరికి బిడ్డ మీద మమకారమే వెంటనే పుట్టదు. అప్పుడు మనం "ఇదేం తల్లి?" అంటాం, ఆవును మన్నించిన ఆ నోటితోనే! మమకారం దానంతట అదే పొంగిన తల్లి కంటే, పొంగకపోయినా అర్ధరాత్రి లేచి పాలిచ్చిన తల్లిదే గొప్ప ప్రేమ అని నాకనిపిస్తుంది. ఆమె కోరి లేచింది కదా.

ఆ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకోకండి. ఈ రాత్రికి మాత్రం బిడ్డను కాసేపు మీరు ఎత్తుకుని ఆమెను నిద్రపోనివ్వండి. అయితే అడిగి మరీ ఎత్తుకోండి!