కాయకము – కూడబెట్టుట

ధనార్జన పాపమా? కాయకమును కైలాసముతో సమముగా నెంచిన శరణ సంప్రదాయమున ఈ సందేహమునకు తావు లేదు. 12వ శతాబ్దమున కళ్యాణ నగరమందు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండాగారాధిపతియై ధనము నడుమనే వర్తించెను. విచారింపవలసినది ధనమును గూర్చి కాదు. ‘చాలు’ నను మాట మనస్సున ఎప్పుడు పుట్టునన్నదే.

ఆయ్దక్కి మారయ్యకు రాలిన బియ్యపు గింజలు ఏరుటయే కాయకము. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ దానిని తెచ్చినచోటనే పోసి రమ్మనెనని శరణుల కథలు చెప్పుచున్నవి. అది దొంగసొత్తు కాదు, నేల రాలినదే. మరి దోషమెక్కడ? రేపటి భయము నేటి అవసరపు కొలతను మార్చివేసినది. లోభమునకు మొదలు ఆ భయమే.

అట్లని గృహస్థుడు బిడ్డల చదువునకు, వార్ధక్యమునకు కూడబెట్టరాదా? కూడబెట్టవలసినదే. ఎందుకో, ఎంతయో తెలిసి దాచుట జాగ్రత్త. ఎంతయైనను చాలదని దాచుట లోభము. నూటికి 8 చొప్పున చక్రవడ్డీతో సొమ్ము రెట్టింపగుటకు సుమారు 9 ఏండ్లు పట్టును. ఆశకు అంత గడువు అక్కరలేదు. కావున ఆదాయము చేతికి వచ్చిననాడే ఇంటి ఖర్చును, పొదుపును, దాసోహ భాగమును వేరుచేయవలెను. మిగిలినప్పుడు ఇత్తమనువారికి ఎన్నడును మిగులదు.

లెక్క వ్రాసుకొను ప్రతి యింటను, “ఇంత మనకెందుకు?” అని లక్కమ్మవలె అడుగువారొకరుండుట మేలు.