ముందు వెళ్లినవారి మాట, క్రొత్తవారి వివేకం

పెద్దల మాట చద్దిమూట అని సామెత. దూరప్రయాణం చేయువానికి ఈ సామెత మరింతగా వర్తించును. బ్రతుకుతెరువు కొరకు పరదేశం వెళ్లే యువకుడు అక్కడ పదునైదు, ఇరువది ఏండ్లుగా ఉన్నవారి సలహాను శిరసావహించవలెనా, లేక తన బుద్ధితో విచారించుకొనవలెనా అన్నది నేడు అనేక కుటుంబాల ముందున్న ప్రశ్న. ఇది మర్యాదతో తీరిపోయే ప్రశ్న కాదు. సలహా తప్పినచో నష్టపోయేది చెప్పినవాడు కాదు, విన్నవాడు. అతనితోపాటు ఊరిలో అప్పుపత్రంపై సంతకం చేసిన తల్లిదండ్రులు. కనుక దీనిని ధర్మదృష్టితో పరిశీలించుట అవసరం.

ముందుగా పెద్దల పక్షాన చెప్పదగినది చూతము. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లి శ్రమించినవారు ఏ పుస్తకంలోనూ దొరకని విద్యను గడించారు. విజిట్ వీసాపై పనికి పోరాదని వారికి తెలుసు. దళారి ‘ఆజాద్ వీసా’ అని అమ్మే కాగితం నిజానికి ఎవరో ఒక కఫీలు పేరిటనే ఉండునని, మరొకచోట పనిచేయుచు పట్టుబడినచో శిక్ష కూలివానికి తప్పదని వారికి తెలుసు. కోపంలో పని విడిచి వెళ్లినవాడు ‘ఖల్లివెల్లి’గా మారి, అకామా లేక, వైద్యం అందక, కన్నతండ్రి మరణించినా ఇంటికి రాలేక ఎట్లు చిక్కుకొనునో వారు కన్నులార చూచినవారు. ఇట్టి జ్ఞానాన్ని త్రోసిపుచ్చుట అవివేకం.

అయితే అనుభవానికి కూడా కాలపరిమితి కలదు. ఖతర్ దేశంలో పని మారుటకు పాత యజమాని అనుమతిపత్రం తప్పనిసరి అన్నది చాలాకాలం నిజం. 2020 లో చేసిన చట్టాలతో ఆ నిబంధన తొలగినది. 2021 మార్చి నుండి అక్కడ నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమలుకు వచ్చినది. యజమాని వసతి, భోజనం కల్పించనిచో వాటికై 500, 300 రియాళ్లు అదనంగా చెల్లించవలెను. సౌదీ అరేబియాలో కూడా 2021 మార్చి నుండి కొన్ని షరతులకు లోబడి, యజమాని అంగీకారం లేకయే పని మారే వీలు కలిగినది. ఇరువది ఏండ్ల క్రిందట వెళ్లిన పెద్ద ‘కఫీలు వదలనిదే నీవు కదలలేవు’ అని చెప్పినచో, అతడు అసత్యం పలుకుట లేదు. తాను బ్రతికిన కాలాన్ని గురించి సత్యమే చెప్పుచున్నాడు. కాని ఆ మాట నమ్మి, జీతమీయని యజమాని వద్దనే పడి ఉన్న క్రొత్తవాడు తనకున్న మార్గాన్ని చేజేతుల మూసికొన్నవాడగును. చద్దిమూట మంచిదే, ఏనాటి చద్దియో చూచి మరీ విప్పవలెను.

రెండవ చిక్కు దీనికంటె లోతైనది. ఎక్కువ కాలం కష్టం భరించినవాడు ఆ కష్టమే లోకధర్మమని భావించే ప్రమాదం కలదు. కార్మికుని పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకొనుట ఖతర్‌లో చట్టవిరుద్ధం. అయినను ‘అందరమూ ఇచ్చితిమి, నీవూ ఇయ్యి’ అని చెప్పువారున్నారు. మన దేశంలో 1983 నాటి వలస చట్టం క్రింది నియమాల ప్రకారం, రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలకు, దానిపై పన్నుకు మించి సేవారుసుము తీసికొనరాదు. అయినను లక్షలు అడిగినపుడు ‘అది మామూలే’ అని నచ్చజెప్పువారు ఉన్నారు. ఇట్టి సలహాలో అనుభవంతోపాటు అలవాటు, భయం, ‘మేము పడలేదా, వీరు పడిన తప్పేమి?’ అన్న కినుక కూడా కలిసి ఉండవచ్చును. తాను చూచినది చెప్పుట వేరు. తాను ఓర్చుకొన్నది ఇతరులు కూడా ఓర్చుకొనవలెననుట వేరు. మొదటిది వినువానికి ఉపకారం. రెండవది అన్యాయానికి ఆయువు పోయుట.

చదువుకొన్నవారికి ఈ ప్రమాదం లేదని తలచరాదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయంపై 2011 జనవరిలో అధికారులు దాడి చేసినపుడు చిక్కుకొన్న విద్యార్థులలో అత్యధికులు నాటి ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్లకు జాడ తెలిపే పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో, ఫార్మింగ్టన్ అన్న పేరిట ప్రభుత్వమే వలగా నడిపిన బూటకపు విశ్వవిద్యాలయంలో కూడా తెలుగు విద్యార్థులు అనేకులు పట్టుబడినారు. అందులో విద్యార్థులను చేర్పించినారన్న అభియోగంపై ఎనిమిదిమంది అరెస్టయిరి; వారు ఎక్కడి నుండియో వచ్చిన అపరిచితులు కారు, అమెరికాలో ముందే ఉన్నవారు. ‘అందరూ చేయుచున్నదే’ అన్న మాట ఎంతమంది పలికినను ప్రమాణం కాజాలదు.

మరి క్రొత్తవాడు చేయవలసినదేమి? న్యాయస్థానంలో సాక్షికి, న్యాయమూర్తికి గల భేదం ఇక్కడ ఉపకరించును. ముందు వెళ్లినవాడు ఉత్తమ సాక్షి. అతని మాట శ్రద్ధగా వినవలెను. ‘అన్నా, ఇది మీరు స్వయంగా చూచినదా, విన్నదా? ఏ సంవత్సరంలో జరిగినది? ఏ పనిలో? ఆ పిమ్మట నిబంధన ఏమైన మారినదా?’ అని అడుగుట అవినయం కాదు. సాక్ష్యానికి ఇచ్చే నిజమైన గౌరవం అదియే. కాని తీర్పు చెప్పవలసినవాడు ఫలితం అనుభవించువాడే. ఆ భారాన్ని ఇంకొకరిపై మోపి, నష్టం వచ్చినపుడు వారిని నిందించుట కూడా ధర్మం కాదు.

ఇది స్వబుద్ధి పేరిట అహంకారానికి ఇచ్చే అనుమతి కానేకాదు. సౌదీ సంస్కరణ గూర్చి ఫోనులో ఒక వార్త చదివి ‘ఇక కఫీలుతో పనిలేదు’ అని బయలుదేరిన యువకుడు, ఇండ్లలో పనిచేయువారికి, ఇంటి డ్రైవర్లకు, పశువుల కాపరులకు అది వర్తించలేదన్న సంగతి గ్రహింపడు. చట్టంలో హక్కు ఉండుట ఒకటి. ఫిర్యాదు చేసి తీర్పు వచ్చువరకు జీతం లేకుండ ఎట్లు గడపవలెను, ఏ పత్రాలు దాచుకొనవలెను అన్నది మరొకటి. ఈ రెండవది చెప్పగలిగినవాడు ఆ దారిలో నడచినవాడే. కనుక క్రొత్తవాడు చట్టాన్ని కార్యాలయంలో అడిగి తెలిసికొనవలెను. అది ఆచరణలో నడచే తీరును పెద్దలనడిగి తెలిసికొనవలెను. ఒకదానితో రెండవదానిని సరిచూచుకొనుటయే వివేకం.

పెద్దల పక్షాన కూడా ఒక బాధ్యత కలదు. సలహా ఇచ్చునపుడు తమకు తెలిసిన దానితోపాటు తెలియని దానిని కూడా చెప్పవలెను. ‘నా కాలంలో ఇట్లుండెను, ఇప్పుడు విచారించుకొమ్ము’ అన్న ఒక్క వాక్యం వారి గౌరవాన్ని తగ్గించదు. సెలవుపై ఊరికి వచ్చిన పెద్దను వెదకికొనుచు ఒక కుఱ్ఱవాడు తల్లితో సహా వచ్చి అరుగుపై కూర్చున్నపుడు, అతడు అడుగుచున్నది ఒక వీసా సంగతియే అయినను, ఆ ఇంటి పొలం, అప్పు, ఆడబిడ్డ పెండ్లి ఆ జవాబుపై ఆధారపడి ఉన్నవని గుర్తెరిగి పలుకవలెను.