ఖాళీ చేసి ఇవ్వాలి

మోటర్‌హోమ్ తిరిగి అప్పగించేటప్పుడు డీజిల్ ట్యాంకు నిండుగా ఉండాలి. మురుగునీటి ట్యాంకు, టాయిలెట్ క్యాసెట్ ఖాళీగా ఉండాలి. న్యూజిలాండ్‌లో బండ్లు అద్దెకిచ్చేవాళ్లు మామూలుగా పెట్టే షరతు ఇది. ఆక్లాండ్‌లో తాళాలు తీసుకునేటప్పుడు మిగతావాటితోపాటు దీనికీ సంతకం పెట్టాం. దక్షిణ దీవిలో చివరి మజిలీకి చేరేసరికి మా రోజుల్ని నడిపించింది ఆ ఒక్క షరతే.

అంతదాకా మా లెక్కంతా చూడాల్సినవాటిది. వెల్లింగ్టన్‌లో బండితో సహా ఓడెక్కి పిక్టన్‌లో దిగడం, పశ్చిమ తీరంలో తెరిపివ్వని వాన, ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనల దగ్గర ఆగి ఎదుటివాళ్లకు దారివ్వడం. ఇవన్నీ ఇంటికి ఫోన్ చేసి పూసగుచ్చినట్టు చెప్పాం. మెకెంజీ బేసిన్‌లోకి దిగాక లెక్క తిరగబడింది. బియ్యం ఎన్ని పూటలకొస్తాయి? గ్యాస్ ఎంతుంది? ఇంగువ డబ్బా ఇంటికి మోసుకెళ్లాలా, ఇక్కడే వదిలేయాలా? మిగిలిన టమాటాలూ, గుప్పెడు పెసరపప్పూ, పాలకూర కట్టలో సగమూ కలిపి వండిన పప్పు ఈ ప్రయాణం మొత్తంలో నేను చేసిన వంటల్లోకెల్లా బాగుందని మా ఆయన అన్నారు. ఆకలి మీద అన్న మాట కావచ్చు. అయితే కొనడం మానేసి ఉన్నదాంతో వండేటప్పుడు చెయ్యి కొంచెం ఆచితూచి పనిచేస్తుందన్నది నిజం.

చివరి రోజుల్ని తనివితీరా అనుభవించాలంటారు. చెప్పినంత తేలిక కాదు. మనిషి టెకాపో సరస్సు ఒడ్డున, మనసు బెజవాడలో. హిమానీనదాలు నూరిన రాతిపిండి కలవడం వల్ల ఆ నీళ్లకు చెప్పనలవి కాని నీలం వస్తుంది. కాఫీ కప్పు పట్టుకుని ఆ నీలంకేసి చూస్తూ ఆయన అడిగిన ప్రశ్న: "అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కట్టమని పక్కింటాయనకు చెప్పామా?" నవ్వాను గానీ, సరిగ్గా అప్పుడు నేను ఆలోచిస్తున్నది ఇంటి ముందు కుండీలకు నీళ్లు పోస్తున్నారో లేదో అని. మాకంటే ముందే ఇల్లు చేరిపోయిన ఈ మనసుల్ని వెనక్కి లాక్కొచ్చిన ఘనత మురుగునీటి ట్యాంకుదే.

దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇలాంటి బండిలో మంచినీళ్లకో ట్యాంకు, గిన్నెలు కడిగిన నీళ్లకూ స్నానం నీళ్లకూ ఇంకో ట్యాంకు, మరుగుదొడ్డి కింద చేత్తో బయటికి లాగే పెట్టె ఒకటి ఉంటాయి. ఒకటి తగ్గుతుంటే మరొకటి నిండుతుంటుంది. నిండింది కదా అని ఎక్కడపడితే అక్కడ వదలడానికి లేదు; డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి అక్కడే పారబోయాలి. యాత్రికులు ఏటి ఒడ్లూ రోడ్డు పక్కలూ పాడుచేస్తున్నారని అక్కడి జనం ఏళ్లతరబడి మొత్తుకున్నారు. 2011లో ఫ్రీడమ్ క్యాంపింగ్ (క్యాంపు పార్కుల్లో కాక బయట బండి నిలిపి రాత్రి గడపడం) చట్టం వచ్చింది. రాత్రిపూట బండి ఎక్కడ నిలపకూడదో తేల్చే అధికారం ఊరి కౌన్సిళ్లకు దక్కింది. 2023లో ఇంకా బిగించారు. తీసి పక్కన పెట్టుకునే టాయిలెట్ డబ్బా ఇక చెల్లదు. బండికే టాయిలెట్ బిగించి ఉంటేనే, తన మురుగు తనలోనే ఉంచుకోగల బండి అన్న ధ్రువపత్రం ఇస్తారు.

డంప్ స్టేషన్ దగ్గర వరస ఉంటుంది. రబ్బరు గ్లవ్స్ తొడుక్కున్న జర్మన్ పెద్దాయన, ఇరవయ్యేళ్ల ఫ్రెంచి అమ్మాయి, బ్యాంకు మేనేజరుగా రిటైరైన మా ఆయన. ఎవరి పెట్టె వాళ్లు మోసుకొచ్చి, ఒంపి, కడిగి, తీసుకుపోతారు. మధ్యలో రేపు వాన పడుతుందా లేదా అని కబుర్లు. ఎవరి ముఖంలోనూ సిగ్గూ లేదు, ఏదో ఘనకార్యం చేస్తున్నామన్న బడాయీ లేదు. మొదట్లో ముక్కు మూసుకుని చేసిన మా ఆయన చివరికొచ్చేసరికి జర్మన్ పెద్దాయనతో మాట్లాడుతూనే ముగించేశారు.

చూస్తుంటే మన దేశమే గుర్తొచ్చింది. ఈ పనిని మనం ఏనాడో కొన్ని కులాల నెత్తిన పెట్టి, పెట్టిన సంగతే మర్చిపోయాం. మనుషులు చేత్తో మలం ఎత్తకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టిది మరొకటి చేసుకున్నాం. అయినా మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక పోయిన కార్మికుల వార్త ఏదో మూల పేజీలో పడుతూనే ఉంది. మురుగు మన గోడ దాటిందా, దానితో మన సంబంధం తెగిపోయినట్టే. బండిలో అలా తెగదు. వాడిన నీళ్లు ఎటుపోతాయో పట్టించుకోకుండా రెండు రోజులు గడవవు. దేహం ఎంత అశాశ్వతమో చెప్పే పెద్దలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఆ పెట్టె ఒక్కసారైనా మోసినవాళ్లు ఎందరో!

పెద్దల ఊసు వచ్చింది కాబట్టి వాళ్లతో నాకున్న పేచీ కూడా చెప్పేస్తాను. ఈ దేహం అద్దె కొంప అని ప్రవచనాల్లో వింటూ పెరిగాం. యజమాని పొమ్మన్ననాడు పోవాల్సిందే, మమకారం పెంచుకోకు అని దాని సారం. అద్దె బండిలో కాపురం చేశాక ఆ మాట నాకు సగమే రుచిస్తోంది. మమకారం వద్దు, సరే. మరి బాధ్యతో? సొంత కారుకు గీత పడితే "చూద్దాంలే" అనే మా ఆయన, ఈ బండి అద్దానికి చెట్టుకొమ్మ తగిలిందేమోనని దిగి చుట్టూ తిరిగి చూసొచ్చేవారు. నేను ఇంట్లో స్టవ్వు కింద నెలకోసారి తుడిస్తే గొప్ప. ఇక్కడ రోజూ తుడిచాను. మనది కాదు కాబట్టే అంత జాగ్రత్త. తిరిగి ఇవ్వాలి కాబట్టే ఆ ఒద్దిక. అద్దెకున్నవాళ్లకు వైరాగ్యం తర్వాత బోధించొచ్చు, ముందు ఇల్లు ఊడ్చి అప్పగించడం నేర్పాలి.

టెకాపో నుంచి గంటకు పైగా ప్రయాణం చేసి, పుకాకి సరస్సు అంచునే వెళ్తే రోడ్డు చివర ఆవొరాకి కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు మౌంట్ కుక్. ఎత్తు 3,724 మీటర్లు. ఆ దేశంలో దాన్ని మించింది లేదు. 1991 డిసెంబరులో శిఖరం దగ్గర పెద్ద చరియ విరిగిపడి కొండ కొంత పొట్టిదయింది కూడా. ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టుకు ముందు ఎక్కి సాధన చేసిన కొండలివి. ఇవన్నీ అక్కడి బోర్డుల మీద ఉన్న విషయాలే. నన్ను కట్టిపడేసింది ఆ కొండ పట్టా కథ.

దక్షిణ దీవి మావోరీలైన న్గాయ్ తహు తెగకు ఆవొరాకి పూర్వీకుడు. తమ భూములు పోయిన తీరు మీద వాళ్ల ఫిర్యాదులు 1849లోనే మొదలయ్యాయి. పరిష్కారంగా పార్లమెంటు చట్టం చేసింది 1998లో. అందులో ఒక ఏర్పాటు ఉంది. కొండ మీది హక్కు న్గాయ్ తహు తెగకు దఖలుపడుతుంది. ఏడు రోజులయ్యాక వాళ్లు దాన్ని దేశ ప్రజలకు కానుకగా తిరిగి ఇస్తారు. తరాలపాటు పోరాడినవాళ్లు, చేతికి రాబోయేదాన్ని ఇచ్చేస్తామని ముందే ఒప్పుకున్నారు! సెంటు భూమి కోసం అన్నదమ్ములు మాటలు మానేసే ఊళ్లలో పుట్టినదాన్ని, నాకిది ఒక పట్టాన అర్థం కాలేదు. ఎలాగూ ఇచ్చేదానికి ఆ ఏడు రోజులెందుకు? ఆలోచిస్తే, ఇవ్వాలంటే ముందు తమదై ఉండాలి. లాక్కున్నవాడు పంచితే అది దానం కాదు. ఆ ఏడు రోజులూ అనుభవించడానికి కావు, ఇచ్చే అర్హత కోసం.

అన్నీ తిరిగి ఇవ్వగలిగినవి కావు. పక్కనే టాస్మన్ హిమానీనదం మూతి దగ్గర కిలోమీటర్ల పొడవున సరస్సుంది. నా చిన్నతనంలో అది లేనే లేదు. 1970ల తర్వాత మంచు కరిగి మడుగులుగా మొదలై, అవి కలిసిపోయి ఇంతయింది. మా బండి దారిపొడవునా తాగిన డీజిల్ వాటా కూడా అందులో ఉంది. ట్యాంకు నిండా పోయించి తాళాలిస్తే కంపెనీ లెక్క చెల్లుతుంది, ఆ లెక్క చెల్లదు. ఆ సాయంత్రం ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

తిరిగి టెకాపో చేరాం. రాత్రి చలి పెరిగింది. మేం వెళ్లింది ఏప్రిల్‌లో, అంటే అక్కడ ఆకురాలు కాలం. ఆ ప్రాంతంలో 4,300 చదరపు కిలోమీటర్లకు పైగా చోటును 2012లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్‌గా గుర్తించారు. వీధిదీపాల వెలుగు నేల మీదికే తప్ప పైకి పోదు. దుప్పట్లు కప్పుకుని బండి బయట కుర్చీలేసుకున్నాం. దాదాపు నడినెత్తిన అగస్త్య నక్షత్రం. మన దగ్గర చలికాలంలో దక్షిణాన కిందుగా కొన్ని గంటలు కనిపించి వెళ్లిపోతుంది. ఆ అక్షాంశంలో అసలు అస్తమించదు. నేను తిరిగొచ్చేదాకా వంగే ఉండమని వింధ్యకు చెప్పి దక్షిణానికి వెళ్లిన మహర్షి మళ్లీ రానేలేదని కదా కథ.

"ఈ ఆకాశం చూశాక ఎలా వస్తాడు?" అన్నారు ఆయన.

"లోపాముద్ర పక్కనే ఉంది కదండీ, వంటకు లోటు లేదు. మనకు మాత్రం ఎల్లుండి విమానం," అన్నాను.

మర్నాడు జెరాల్డీన్‌లో ఆగాం. హాలిడే పార్కుల ఉమ్మడి వంటింట్లో ఒక అర ఉంటుంది. వెళ్లిపోయేవాళ్లు మిగిలిన సరుకులు అందులో పెడతారు, వచ్చేవాళ్లు కావలసినవి తీసుకుంటారు. అడిగేవారూ లేరు, రాసుకునేవారూ లేరు. ప్రయాణం మొదట్లో ఉప్పు, నూనె, మిరియాల సీసా మాకు అలాంటి అరలోనే దొరికాయి. ఇప్పుడు పెట్టే వంతు మాది. బియ్యం, కందిపప్పు, సగం పసుపు పొట్లం సర్దుతుంటే, ఆ ఉదయమే బండి తీసుకుని బయల్దేరిన ఒక యువ జంట వచ్చి పప్పు ఎలా వండాలని అడిగింది. నీళ్లు ఎన్ని పోయాలో, పసుపు ఎప్పుడు వేయాలో ఇంగ్లీషులో కాగితం మీద రాసిచ్చాను. ఇంగువ మూత తీసి చూపిస్తే అబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు. డబ్బా మళ్లీ నా సంచిలోకే వచ్చింది.

అక్కణ్నుంచి క్రైస్ట్‌చర్చ్ దాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చదునైన మైదానం, పాయలుపాయలుగా చీలి పారే రకాయా నది, దాని మీద దాదాపు 1.75 కిలోమీటర్ల వంతెన. ఊళ్లో 2011 ఫిబ్రవరి భూకంపం 185 మందిని పొట్టనబెట్టుకుంది. దెబ్బతిన్న కెథెడ్రల్‌కు బదులుగా షిగెరు బాన్ అనే జపాను వాస్తుశిల్పి పెద్ద పెద్ద అట్టగొట్టాలు వాడి నిర్మించిన చర్చిని 2013లో తెరిచారు. తాత్కాలికమనే కట్టారు, ఇంకా నిలబడే ఉంది.

బండి అప్పగించడం పది నిమిషాల పని. ఆ దేశంలో డీజిల్ బండ్లకు రోడ్డు పన్ను కిలోమీటర్ల లెక్కన పడుతుంది కాబట్టి కౌంటర్లో అమ్మాయి మీటరు అంకె రాసుకుని, ట్యాంకులు చూసి, సంతకం పెట్టించుకుంది. నేను తుడిచిన స్టవ్వు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు, నేను అస్సలు పట్టించుకోలేదు.

ఇలాంటి ప్రయాణానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. చివరి రెండు రోజులకు చూడాల్సినవంటూ ఏవీ రాసుకోకండి. సరుకులు ఖర్చు చేయడానికీ, మిగిలినవి ఇంకొకరికి ఇవ్వడానికీ, బండి కడగడానికీ ఆ సమయం కావాలి. డంప్ స్టేషన్ పని ఇంట్లో ఒక్కరి మీదే వదిలేయకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తే వాళ్లకూ గ్లవ్స్ కొనండి.