అక్కరలేదని నిర్ణయించేదెవరు?

ఒక సాధనం వాడుకలోంచి తొలగిపోవడం వేరు, దాన్ని తొలగించడం వేరు. తిరగలిని ఎవరూ నిషేధించలేదు. గంటాన్ని ఎవరూ లాక్కోలేదు. అంతకంటె మేలైన సాధనం చేతికి రాగానే జనమే వాటిని గోడవార పెట్టారు. అది చరిత్ర గమనం. కాని వాడుతున్నవాడు ఇంకా వాడుతుండగానే ఒక సౌకర్యాన్ని తీసివేసి, “దీని కాలం చెల్లింది” అని ప్రకటించడం మరొక సంగతి. ఎలక్ట్రానిక్ సరుకులు తయారుచేసే కంపెనీలకు ఇది నిత్యకృత్యమయింది. ఈ రెండవదానికి కూడా చరిత్ర గమనమనే పేరే పెడుతున్నారు. పేరు ఒకటే అయినంత మాత్రాన విషయం ఒకటి కాదు.

కావాలనేవారు ఇంకా ఉండగా ఉత్పత్తిదారు ఒక సౌకర్యాన్ని ఎందుకు తీసివేస్తాడు? అలా తీసివేసే హక్కు అతనికి ఎంతవరకు ఉన్నది? మొదటిది అర్థశాస్త్రానికి చెందిన ప్రశ్న. రెండవది నీతికి చెందినది. మొదటిదానికి సమాధానం వెదకకుండా రెండవదాన్ని ఎత్తుకుంటే మిగిలేది ఉత్త ఆవేశమే. కనుక ముందు వాస్తవాలను చూద్దాం.

సెల్ ఫోనుకు చెవి తీగ తగిలించుకునే 3.5 మిల్లీమీటర్ల జాక్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. చూడడానికి అది చిన్న రంధ్రం. దాని పూర్వీకుడు 19వ శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పుట్టాడు. ట్రాన్సిస్టర్ రేడియోల కాలంలో అది ఈ చిన్న రూపం దాల్చింది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక లోకమంతటా పరిచితమయింది. దాని గొప్పతనమల్లా ఒక్కటే: ఏ కంపెనీ తీగ అయినా ఏ కంపెనీ యంత్రంలోనైనా పట్టేది. ఊరి సంతలో కొన్న తీగకూ, పట్నంలో పెద్ద దుకాణంలో కొన్న తీగకూ అది భేదం చూపలేదు. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరికీ కప్పం కట్టమనలేదు.

2016 సెప్టెంబరు 7న ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7ను ప్రకటిస్తూ ఈ జాక్‌ను తీసివేసింది. ఆ నిర్ణయానికి కారణం ధైర్యమని కంపెనీ ప్రచారాధిపతి ఫిల్ షిల్లర్ సెలవిచ్చాడు. అదే వేదిక మీద, అదే రోజున, తీగలేని ఎయిర్‌పాడ్స్‌ను 159 డాలర్లకు అమ్మనున్నట్లు కూడా ప్రకటించారు. పోటీదారులు మొదట ఎగతాళి చేశారు. ఆ యేడు గూగుల్ తన పిక్సెల్ ఫోనులో జాక్ ఉన్నదని గొప్పగా చెప్పుకున్నది. మరుసటి సంవత్సరమే పిక్సెల్ 2లో దాన్ని తీసివేసింది. 2017లో ఆపిల్‌ను వెక్కిరిస్తూ ప్రకటన చిత్రం తీసిన శాంసంగ్, 2019లో తన గెలాక్సీ నోట్ 10లో అదే పని చేసింది. ఎగతాళికి ఆయుష్షు రెండు మూడేళ్ళకు మించలేదు.

ఉత్పత్తిదారుల వాదాన్ని మనం న్యాయంగా వినాలి. ఫోను లోపల స్థలం చాలా తక్కువ. జాక్ ఆక్రమించే చోటులో బ్యాటరీనో, కెమెరానో పెంచవచ్చును. ప్రతి రంధ్రమూ నీటికీ, దుమ్ముకూ దారి. కొద్దిమంది వాడే వస్తువు ఖర్చును అందరూ ఎందుకు భరించాలి? పాతదాన్ని పట్టుకు వేలాడితే కొత్తది ఎట్లా వస్తుంది? 1998లో ఐమాక్ కంప్యూటరులోంచి ఫ్లాపీ డ్రైవును తీసివేసినప్పుడు కూడా గగ్గోలు పుట్టింది. ఈనాడు దానికోసం కన్నీరు కార్చేవాడు లేడు గదా అంటారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. ఒకసారి పెట్టిన ప్రతి సౌకర్యాన్నీ శాశ్వతంగా ఉంచాలని కోరేవాడు అభివృద్ధికే అడ్డం నిలుస్తాడు.

కాని వాదం సత్యమయినంత మాత్రాన అదే అసలు కారణం కానక్కరలేదు. నీటి భయమే కారణమయితే, అదే 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్7 నీటిలో తడిసినా పాడుకాకుండా, జాక్‌తో సహా ఎట్లా వచ్చింది? స్థలాభావమే కారణమయితే, 2019లో ఎక్స్‌పీరియా 1లో జాక్‌ను వదలివేసిన సోనీ మరుసటేడు దాని తర్వాతి ఫోనులో మళ్ళీ ఎట్లా పెట్టగలిగింది? కాలం చెల్లడమే కారణమయితే, 2018లో పిక్సెల్ 3 అనే ఖరీదైన ఫోనుకు జాక్ పెట్టని గూగుల్, 2019లో దాని చౌక రకమైన పిక్సెల్ 3ఎకు ఎందుకు పెట్టింది? ఒకే కంపెనీ గడపలో, ఒకే కాలంలో, ఒకే వస్తువు ఖరీదైన ఫోనుకు చాదస్తమూ, చౌక ఫోనుకు సౌకర్యమూ అయిందన్నమాట! కాలం చెల్లడమన్నది కొనేవాడి జేబును బట్టి ఉండదు. తీగలేని ఇయర్‌ఫోన్లను అదనంగా కొనగలవాడు ఎవడో, కొనలేనివాడు ఎవడో కంపెనీకి తెలుసు. ఆ తెలివే ఈ తేడాకు మూలమని నేను అనుకుంటున్నాను.

ఇక్కడే అసలు కీలకం ఉన్నది. ప్రతి సరుకుకూ రెండు విలువలు ఉంటాయి: వాడేవాడికి అది ఇచ్చే ఉపయోగం ఒకటి, అమ్మేవాడికి అది తెచ్చే సొమ్ము రెండవది. ఈ జాక్ మొదటి లెక్కలో పదేళ్ళు పనిచేస్తుంది. రెండవ లెక్కలో అమ్మిన రోజుతోనే చచ్చిపోతుంది. తర్వాత అది ఒక్క పైసా తేదు. దాని స్థానంలో వచ్చిన వస్తువు అట్లాంటిది కాదు. చెవిలో పెట్టుకునే ఆ చిన్న గుండులో బ్యాటరీ ఉన్నది. బ్యాటరీకి కాలపరిమితి ఉన్నది. అది తీరాక గుండును పారవేసి మరొకటి కొనాలి. తీగ తెగితే అతికించుకునేవాళ్ళం. దీన్ని అతికించే విద్య మన వీధి చివర రిపేరు కొట్టుకు అందకుండా జిగురుతో మూసివేశారు.

జరిగిన క్రమం కూడా గమనించదగినది. 2016లో జాక్ పోయింది. పాత తీగ తగిలించుకోవడానికి ఒక చిన్న తోకను పెట్టెలో ఉచితంగా ఇచ్చారు. 2018లో ఆ తోకను పెట్టెలో పెట్టడం మానివేశారు. 2020లో ఇయర్‌ఫోన్లూ, చార్జరూ రెండూ మానివేశారు. అందరి ఇళ్ళలోనూ అవి ఉన్నాయి గనుక పర్యావరణానికి మేలన్నారు. ఆ మాట కొంత నిజమే. కాని తగ్గిన భారం ధరలో తగ్గిందా అని అడగడం తప్పు కాదు గదా. ఏనుగును అమ్మి అంకుశానికి వేరే ధర కట్టే బేరమిది. ఏనుగును కొన్నవాడు అంకుశం కొనక ఏం చేస్తాడు?

దీన్ని చూసి కంపెనీల అధిపతులంతా కూడబలుక్కున్నారని తీర్మానించడం తేలిక. అట్లాంటి కుట్రలు చరిత్రలో లేకపోలేదు. 1924లో ఓస్రామ్, ఫిలిప్స్ మొదలైన బల్బుల కంపెనీలు జెనీవాలో ఒడంబడిక చేసుకుని, ఏ బల్బూ వెయ్యి గంటలకు మించి వెలగకూడదని కట్టడి పెట్టుకున్నాయి; మీరినవారికి జరిమానా కూడా విధించుకున్నాయి. ఈనాడు అంత శ్రమ అక్కరలేదు. ఒకరు ధైర్యం చేసి లాభపడితే తక్కినవారు తామంతట తామే ఆ దారి పడతారు. దీనికి మంచి నిదర్శనం ఫెయిర్‌ఫోన్. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఈ చిన్న కంపెనీ, నైతిక సంకల్పంతో పుట్టింది; వాడేవాడే విప్పి బాగుచేసుకోగల ఫోన్లు తయారుచేస్తుంది. అదీ 2021లో తన నాలుగవ ఫోనులోంచి జాక్ తీసివేసి, అప్పుడే తీగలేని ఇయర్‌ఫోన్లను అమ్మకానికి పెట్టింది. వారు చెడ్డవారని నేను అనను. మంచివారిని కూడా ఒకే గట్టుకు కొట్టుకుపోయేలా చేసే ప్రవాహం ఉన్నప్పుడు, తప్పును ఈతగాళ్ళలో వెదకడం చాలదంటాను.

“కొనేవాడే తీర్పరి, అక్కరలేదు కనుకనే జాక్ లేని ఫోన్లను కోట్లమంది కొన్నారు” అనేది చివరి వాదం. ఇది పైకి ప్రజాస్వామికంగా కనబడుతుంది. కాని ఫోను విడివిడిగా దొరికే వస్తువు కాదు. కెమెరా, తెర, బ్యాటరీ అన్నీ కలిసి ఒక్క మూటగా వస్తాయి. విస్తట్లో ఉప్పు వడ్డించకపోయినా ఆకలిగొన్నవాడు అన్నం తింటాడు. అంతమాత్రాన అతనికి ఉప్పు అక్కరలేదని తేల్చడం న్యాయమా? పైగా ఈ ఎన్నికలో ఓటు మనిషికి ఒకటి కాదు, రూపాయికి ఒకటి. ఖరీదైన ఫోను కొనేవాడి అభిరుచి ఈ యేడు తీర్మానమయి, నాలుగేళ్ళకు చౌక ఫోను కొనేవాడి తలరాత అవుతున్నది.

ఇదంతా పాటలు వినే వినోదానికి సంబంధించిన చిన్న గొడవేనని తోసిపుచ్చేవారు రేడియో సంగతి ఆలోచించాలి. ఫోనులో ఎఫ్.ఎం. రేడియో పలకాలంటే ఏరియల్ కావాలి. ఇంతకాలం చెవి తీగే ఆ ఏరియల్ పని కూడా చేసింది. జాక్ పోతే రేడియోకు ఉన్న సులభమైన దారి మూసుకుపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ పోయింది, సెల్ ఫోన్లూ మూగబోయాయి. అట్లాంటి వేళ టవర్లన్నీ కూలినా, దూరాన ఒక్క ప్రసార కేంద్రం నిలిస్తే చాలు, లక్షమంది ఒకేసారి వినగలరు. వినేవారు పెరిగినకొద్దీ రేడియో తరంగం ఇరుకు కాదు. 2017లో అమెరికాను వరుస తుపానులు కుదిపినప్పుడు, అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ అధ్యక్షుడు అజిత్ పాయ్ ఐఫోన్లలో ఎఫ్.ఎం.ను పనిచేయించమని ఆపిల్‌ను బహిరంగంగా కోరాడు. ఐఫోన్ 7, 8లలో అందుకు కావలసిన చిప్పూ, ఏరియలూ లేవని కంపెనీ బదులిచ్చింది. 2023లో భారత ప్రభుత్వం కూడా ఫోన్లలో ఎఫ్.ఎం. రేడియోను ఉంచాలని ఉత్పత్తిదారులకు సూచించింది. అది సూచనే, శాసనం కాదు.

ఎంతమంది ఎన్నిసార్లు వాడారనేదే లెక్క అయితే తుపాను రేడియో ఎన్నడూ నెగ్గదు. పదేళ్ళకు ఒక్కరోజు అవసరమయ్యే వస్తువు ఏ అమ్మకాల పట్టికలోనూ కనబడదు. కాని ఆ ఒక్కరోజు విలువ తక్కిన రోజులన్నిటి వినోదానికీ సమానం కాదా? ఉత్పత్తిదారు లెక్క అబద్ధమని కాదు. ఆ లెక్కలో కొన్ని అవసరాలకు అంకెలే లేవని నా అభియోగం.

అయితే చేయవలసిందేమిటి? ఏదీ తీసివేయకూడదని నేను కోరడం లేదు. ఫ్లాపీ పోయినప్పుడు దాని పని ఇంకా బాగా చేసే సాధనాలు వచ్చాయి. వాటిని ఎవరయినా తయారుచేయగలిగారు, ఎవరి దగ్గరయినా కొనుక్కోగలిగాము. అటువంటి తొలగింపుతో నాకు తగవు లేదు. తీసివేసిన తర్వాత వాడేవాడి అవసరం అంతే సులభంగా, అంతే స్వేచ్ఛగా తీరుతున్నదా, లేక అతడు అమ్మినవాడికి మరింత కట్టుబడిపోయాడా—నాకు తోచిన గీటురాయి ఇదే. జాక్ విషయంలో జవాబు రెండవదే.

ఈ గీటురాయిని కంపెనీలు తమంతట తాము వాడవు. సమాజం వాడవచ్చును. ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగు ద్వారం ఉండాలని యూరోపియన్ యూనియన్ 2022లో శాసించి, 2024 డిసెంబరు 28ని గడువుగా పెట్టింది. అంతకాలం తన ప్రత్యేక ద్వారాన్ని విడువని ఆపిల్ 2023లో ఐఫోన్ 15తోనే దారికి వచ్చింది. వాడేవాడే బ్యాటరీ తీసి మార్చుకునే వీలుండాలని, కొన్ని మినహాయింపులతో, 2023లో మరొక శాసనం చేసి 2027 ఫిబ్రవరిని గడువుగా పెట్టారు. శాసనం ఈనాటి పద్ధతిని రాయి చేసి, రేపటి ఆవిష్కరణకు అడ్డు తగలదా అని శంకించేవారున్నారు. ఆ ప్రమాదం ఉన్నది. కాని పదిమంది ఎదుట చర్చించి చేసిన శాసనాన్ని పదిమంది ఎదుట చర్చించి మార్చుకోవచ్చును. ఒక కంపెనీ గదిలో తీసుకున్న నిర్ణయాన్ని ఎవరిని అడిగి మార్చుకోవాలి?

అనివార్యమని నిన్నటిదాకా చెప్పినవి ఒక్క శాసనంతో అనివార్యం కాకుండా పోయాయి. ఈ అనుభవం ఒక్కటి మనకు చాలా విలువైనది. వస్తువు తయారుచేయడం ఎట్లాగో ఉత్పత్తిదారుకు మనకంటె బాగా తెలుసు. ఆ విషయంలో అతనితో వాదించవలసిన పని లేదు. దేనితో తనకు అవసరం తీరుతున్నదో వాడేవాడికే బాగా తెలుసు. అక్కరలేదనే మాట అతని నోటినుంచి వచ్చేదాకా ఆగడం ఉత్పత్తిదారు ధర్మం. ఆగకపోతే ఆపించడం సమాజం ధర్మం.