వాదమా, వితండవాదమా?

2024లో దీపావళి అక్టోబర్ 31న వచ్చింది, అమెరికా అధ్యక్ష ఎన్నికలు నవంబర్ 5న జరిగాయి. ఆ పండుగనాడు మన భోజనాల హాల్లో, ఏళ్ల తరబడి కలిసి కూర్చునే రెండు కుటుంబాలవారు ఎన్నికల దగ్గర మాటామాటా పెరిగి చెరో బల్ల దగ్గరకు వెళ్లిపోయారు. పిల్లలు ఎటు వెళ్లాలో తెలియక పళ్లాలతో మధ్యలో నిలబడ్డారు.

అలాగని రాజకీయాలు మాట్లాడకుండా ఉండగలమా? వీసాలు, పన్నులు, పిల్లల చదువులు మన ఇంటి విషయాలే కదా!

గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకున్నది వితండ.

మనం చేస్తున్నది ఏదో తెలుసుకోవాలంటే, ఎదుటివారి అభిప్రాయాన్ని "అవును, నేనన్నది అదే" అని వారు ఒప్పుకునేలా మనం తిరిగి చెప్పి చూద్దాం. చెప్పలేకపోతే మనమింకా వినలేదన్నమాట.

మన ఓటు రహస్యం. మన మాటతీరు మాత్రం పిల్లలు రోజూ చూస్తూనే ఉంటారు. ఈ పండుగకు, మనతో విభేదించినవారిని మనమే ముందుగా పలకరిద్దాం. పక్కన కూర్చోబెట్టుకుని ప్రసాదం అందిద్దాం.

అందరికీ పండుగ శుభాకాంక్షలు.